తొమ్మిది నొక్కితే నూకాలు

హలో… ఆ, నానే. మిషను నూకాల్ని కాదు తల్లీ, మనిసి నూకాల్నే.

…

నీకే అనుమానం వొత్తే ఇంకెవరికి రాదు సెప్పు. నా గొంతు ఆ మిషన్లో ఎట్టింది నువ్వే కదా ఇంద్రజమ్మా.

— ఆ, ఐసు ఫ్యాక్టరీలోనే ఉన్నాను. ఎనక గదిలో. … లేదు, రాజుగారు ముందు ఆఫీసులో ఉన్నారు. మొగం సూడలేకపోతన్నాం. పొద్దున్నుంచీ ఒకపాలి ఫోను కేసి సూత్తారు, ఒకపాలి ఐసు గది కేసి సూత్తారు. టీ ఇత్తే తాగకండా సల్లార్సీసినారు.

— ఏటి, నీకూ ఫోను సేసినారా?

…

అరిసినారా?

…

రాజుగారు అరవరులే. అరిసినట్టు నెమ్మదిగా మాటాడతారు. అదే భయం నాకూనూ.

నువ్వు మనసులో ఎట్టుకోకు. మిషను మంచిదే. అది లేనప్పుడు ఇక్కడ ఎలాగుండేదో నువ్వు సూడలేదు. రెండు నెలల వేట బందు తీసే ముందు అన్ని బోట్లోళ్ళూ ఒకేపాలి ఫోను సేత్తారు. నాకేమో ఉన్నది రెండు సెవులు. నా ఐసు ముందు రాసుకో అంటే నాది ముందు రాసుకో అని… పోయినేడు బోట్లు నడిపే సరంగులు ఇద్దరు జెట్టీ మీద గుడ్డలు సింపుకున్నారు. ఒకే ఈదిలో ఉంటారు, ఒకడి సెల్లిని ఒకడు సేసుకున్నాడు. ఇప్పటికీ బావా అని పిలుసుకోరు.

…

అదే అంటన్నాను. మిషనైతే ఎవరు ముందు సేత్తే వోళ్ళకి ముందు టోకెను ఇచ్చేత్తాది. మిషనుతో ఎవుడు తగువు ఆడతాడు?

— కానీ ఆర్డర్లు రాలేదు. అది నిజవే. ఎల్లుండి తెల్లారగట్ల బోట్లన్నీ వేటకి ఎల్లాల. ఈపాటికి మా గది ఖాళీ అయిపోవాల. దిమ్మకి దిమ్మ అలాగే ఉన్నాది. అడిగితే అందరూ ఒకటే మాట, లైను కలవట్లేదు అంటన్నారు.

…

కలుత్తన్నాదా?

…

ఉండు, ఉండు. నెమ్మదిగా సెప్పు. నీ కంప్యూటర్లో అన్నీ కనబడతన్నాయా. … ఫోన్లు వొత్తన్నాయి. … మిషను ఎత్తుతన్నాది. … నా గొంతు మొదలవుతన్నాది. … అక్కడ కట్ అయిపోతన్నాది.

— కట్ అవడం కాదా? వోళ్ళే కట్ సేత్తన్నారా?

…

అందరూనా?

…

ఒకటీ నొక్కట్లేదు, రెండూ నొక్కట్లేదు. నా గొంతు ఇని పెట్టేత్తన్నారు.

…

లేదు, ఇంటన్నాను. సెప్పు తల్లీ. నసగకు. రాజుగారు ఏటన్నారు?

…

గొంతు మార్చమన్నారు.

…

ఆ. … సాయంత్రం లోపల. … హైదరాబాదు అమ్మాయి గొంతు రెడీగా ఉన్నాది.

…

బాగానే ఉంటాది. సినిమా హాల్లో టికెట్టు సెప్పినట్టు ఉంటాది. మా వోళ్ళు ఐసు మర్సిపోయి ఆ గొంతే ఇంటా కూకుంటే మాత్రం నువ్వే పూసీ.

…

నవ్వవేటి? నానే నవ్వుతన్నాను కదా.

— ఛ, ఏడుపేటి. ముక్కు కారతన్నాది అంతే. ఇది ఐసు గది పక్క గది. నువ్వొచ్చి కూకో, నీకూ కారుద్ది.

…

ఎందుకు కట్ సేత్తన్నారో నాకు తెల్సు. రాజుగారికీ తెల్సు, పాపం నోటితో అనలేక గొంతు మార్చండి అన్నారు. నీకు తెలీదు. మీ నాన్నగారు స్టీలు ప్లాంటు, డ్యూటీకి బస్సెక్కి ఎల్తారు. బస్సుకి ఎవరెదురొచ్చినా పరవాలేదు. సంద్రం అలాగ కాదు.

…

ఏటంటే… మా పైడయ్య పోయినాడని నీకు సెప్పినాను కదా. పోయినాక నాను పొద్దున్నపూట ముందు గుమ్మంలోంచి రాను. బోట్లు బయల్దేరే టయానికి ఎనక సందులోంచి వొత్తాను, సేపల బుట్టలు ఎండేసిన వేపు నుంచి. మొగుడు పోయిన ఆడది వేటకి ఎల్లేవోళ్ళకి ఎదురు రాకూడదు.

…

ఎవరూ అనలేదమ్మా. అనిపించుకోడం ఎందుకని నానే ఎనక నుంచి వొత్తాను.

…

అవును, మరి ఫోను ఎలా ఎత్తుతన్నానంటే… ఫోన్లో మొగం ఉండదు కదా. గొంతుకి బొట్టేటి, గాజులేటి. ఫోన్లో అందరూ నాతో మాటాడతారు, పరాసికాలాడతారు. వొదినా అంటారు, అక్కా అంటారు. జగ్గారావైతే ఐసు సెప్పే ముందు వోళ్ళావిడ మీద సాడీలు సెప్పి గానీ మొదలెట్టడు. ఆ గదిలో కూకుంటే నాకు జెట్టీ అంతా నా సుట్టూ ఉన్నట్టు ఉండేది.

…

అదే నాకూ అర్ధం కాలేదు. అప్పుడు లేని దోషం ఇప్పుడెందుకొచ్చినాదీ అని. మిషన్లో ఎడితే గొంతు ఇంకా పెద్దగా ఇనపడతన్నాదేమో. మొదటి వేట కదా, ఎవుడి భయం వోడిది.

…

లేదు, నీ తప్పేటీ లేదు. నువ్వేటి సేత్తావు.

— ఆ జగ్గారావు సంగతి సెప్పనా, నీ కంప్యూటర్లో కనబడదు. నిన్న గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. నామీద కోపవా వొదినా అన్నాడు. ఏటిరా అన్నాను. నమస్కారం అన్నావు, సరే, నానూ బాగున్నావా అన్నాను. పలకలేదు. స్వాగతం అంటన్నావు, మీరు అంటన్నావు, నన్నెప్పుడైనా మీరు అన్నావా, ఏటి నా తప్పు అని అడిగినాడు.

…

నవ్వినావా. హమ్మయ్య.

…

ఇంద్రజమ్మా, ఒక్క పని సేత్తావా? ఆ అమ్మాయి గొంతు ఎట్టే ముందు ఒక్కడి సేత, నా కళ్ళెదుట, ఫోను సేయిత్తాను. నిజం ఏటో సూసుకుంటాను. వోడు కట్ సేత్తే నువ్వు మార్సేయ్. నాను ఏటీ అనుకోను.

…

మా మరిది ఉన్నాడు, ఎల్లాజీ. పైడయ్య తమ్ముడు. సొంత బోటు. నాను కాపరానికొచ్చినప్పుడు వోడికి నిక్కరు నిలబడేది కాదు. నా సేతి కూడు తిని పెరిగినాడు. వోడు అబద్ధం ఆడితే సెవులు ఎర్రబడతాయి. బైట జెట్టీ మీద బోటుకి రంగేత్తన్నాడు.

లైన్లో ఉండు. ఎల్తన్నాను.

…

ఈ సప్పుడా? ఐసు పిండి సేసే మిల్లు. … సెయ్యి అడ్డం ఎట్టుకున్నాను, ఇప్పుడు ఇనపడతన్నాదా? … ఇక్కడ నేలంతా తడి, జారుద్ది, మాటాడకు కాసేపు.

…

ఆ, వొచ్చీసినాను. ఉన్నాడు. మొగానికీ రంగే, బోటుకీ రంగే.

— ఒరే ఎల్లాజీ. ఇలా దిగు. … దిగరా, రంగు ఎండిపోదు. … నీ ఫోను తియ్యి. ఫ్యాక్టరీకి ఫోను సేసి ఐసు సెప్పు. … తెల్సు నాను ఇక్కడే ఉన్నానని. నాకు కాదు, మిషనుకి సెప్పు. … లైను కలవదా? కలుత్తాదో లేదో నాను సూత్తాను. సెయ్యి.

ఇంద్రజమ్మా, సేత్తన్నాడు. నీకు కనబడతన్నాదా?

…

రింగవుతన్నాది. … ఎత్తినాది. నా గొంతే. ఇక్కడికి ఇనపడతన్నాది. నమస్కారం అన్నాను. స్వాగతం అన్నాను. వోడు తలూపుతన్నాడు సూడు, మిషనుకి తలూపుతాడు ఎర్రోడు. బాగానే ఇంటన్నాడు…

— కట్ సేసీసినాడు.

…

కనబడ్డాదా నీకూ. అదే సోటా. ఆ.

…

మార్సేయ్ తల్లీ. మాటిచ్చినాను కదా.

— ఉండు. ఒక్క నిమిషం ఉండు. ఈడేటో సేత్తన్నాడు.

ఫోను జేబులో ఎట్టుకున్నాడు. వలల మూట మీద కూకున్నాడు. … మంచినీళ్ళు అడుగుతన్నాడు. రంగేసేవోడిని పిలిసి మంచినీళ్ళు తెమ్మంటన్నాడు.

ఒరే ఎల్లాజీ. ఎందుకు కట్ సేసినావు? … తల ఎత్తి సెప్పు. … నా గొంతు ఇనే కదా. సెప్పీ, నానేటీ అనుకోను. వేటకి ఎల్లే ముందు నా గొంతు ఇనడం… 

…

కాదా?

…

అబద్ధం ఆడకు. … ఏదీ, ఇటు తిరుగు. సెవులు సూడనీ.

…

ఇంద్రజమ్మా, సెవులు మామూలుగానే ఉన్నాయి.

మరేటిరా? సెప్పు. గట్టిగా సెప్పు, ఫోన్లో అమ్మాయి ఇంటన్నాది.

…

ఏటడిగినానూ?

…

ఓలమ్మ.

…

ఓలమ్మా… ఓలమ్మా…

…

లేదు తల్లీ, పడలేదు. కూకుండిపోనాను. నవ్వొచ్చి. ఉండు, ఊపిరి తీసుకోనీ.

…

నీకెలా సెప్పేది. నువ్వు రాసిచ్చిన కాయితంలో స్వాగతం తరవాత ఏటుంది? సదువు.

…

ఆ. మీరు ఎక్కడికి వెళ్తున్నారు. అదే. ఎక్కడికి వెళ్తున్నారు, దగ్గర వేటకైతే ఒకటి నొక్కండి, లోతు వేటకైతే రెండు నొక్కండి.

అమ్మా, వేటకి బయల్దేరే మనిసిని ఎక్కడికి అని అడగకూడదు. సచ్చినా అడగకూడదు. కట్టుకున్న పెళ్ళాం అడగదు, కన్న తల్లి అడగదు. ఎవరైనా నోరు జారి అడిగితే, ఎల్లేవోడు ఎనక్కొచ్చీసి, కూకుని, మంచినీళ్ళు తాగి, కాసేపాగి మళ్ళీ బయల్దేరతాడు. ఈడు ఇప్పుడు సేసినాడే, అదే.

…

అవును. అందరూ అదే. ఫోను సేసినారు, నాను ఎక్కడికి అన్నాను, పెట్టీసినారు, మంచినీళ్ళు తాగినారు. కాసేపాగి మళ్ళీ సేసినారు. నాను మళ్ళీ ఎక్కడికి అన్నాను. మళ్ళీ మంచినీళ్ళు. రెండ్రోజుల్నుంచీ జెట్టీ అంతా నీళ్ళు తాగుతన్నాది.

…

నవ్వు, నవ్వు. నాకూ ఆగట్లేదు.

…

నాకు తెలీకేటి? పుట్టినప్పుడి నుంచీ తెల్సు. ఇన్నేళ్ళలో ఫోన్లో ఒక్కడినీ ఎక్కడికి అని అడగలేదు. నోటితో మాటాడేటప్పుడు నాలిక దానంతటదే తప్పుకుంటాది. నువ్వు కాయితం ఇచ్చినావు, మైకు ఎట్టినావు, ఒక్క అచ్చరం పోకండా సదవాల అన్న యావలో ఉన్నాను. అచ్చరాలు సూసినాను గానీ ఏటడుగుతన్నానో సూసుకోలేదు.

— ఒరే, నువ్వు ఈ మాట నాకు మొన్ననే సెప్పొచ్చు కదరా.

…

ఇంద్రజమ్మా, ఈడేటంటన్నాడో ఇను. మిషన్లో నా గొంతు ఇని అందరూ ఈదిలో గొప్పగా సెప్పుకుంటన్నారంట, మా నూకాలు సూడు ఎంత బాగా మాటాడతన్నాదో అని. సెప్తే నాను సిన్నబుచ్చుకుంటానని, ఒకడి మొగం ఒకడు సూసుకుని, లైను కలవట్లేదు అన్నారంట.

…

ఆ. … అంతేనంట.

…

ఉన్నాను. ఇప్పుడు ముక్కు కారలేదు, కళ్ళే. ఇక్కడ ఐసు గది కూడా లేదు, సాకు సెప్పడానికి.

…

సరే, ఇప్పుడేటి సేద్దాం? రాజుగారికి సాయంత్రం లోపల అన్నావు.

…

ఏటి అడగాలా? నాను ఏటి అడిగేదాన్నో అదే. ఎప్పుడొత్తావు అని అడిగేదాన్ని. ఏ పూటకాపూట వొచ్చేవోడికి కొంచెం ఐసు సాలు. నాలుగైదు రోజులకి వొచ్చేవోడికి దిమ్మలు కావాల. ఎక్కడికి ఎల్తే మనకెందుకు, ఎప్పుడొత్తాడో తెలిత్తే సాలు కదా.

…

అలాగా? మిగతాదేటీ మార్సక్కర్లేదా?

…

ఒకటి నొక్కితే సిల్లర ఐసు కౌంటరుకే ఎల్తాది, రెండు నొక్కితే దిమ్మల లోడింగుకే ఎల్తాది, పైన అడిగే మాట ఒక్కటే మార్సాల. … బేగి అయిపోద్దా. … నాను మధురవాడ మీ ఆఫీసుకి రావాలా? … ఇక్కడినుంచే? ఈ ఫోన్లోనే సెప్తే నువ్వు పట్టుకుంటావా. సరే. ఎప్పుడు మొదలెట్టాలో సెప్పు.

— ఒరే, ఆ రేడియో ఆపమను. ఎవరూ మాటాడకండి.

…

మీరు ఎప్పుడు తిరిగి వస్తారు. ఈ దినమే తిరిగి వచ్చువారు దయచేసి —

ఓడ కూత. పోర్టులోది. ఇంతసేపూ లేదు, నాను నోరు తెరవగానే కూసినాది. మళ్ళీ సెప్తాను.

…

ఏటి?

…

నాలాగేనా? మిషన్లో అలా మాటాడొచ్చా?

— ఈడూ అదే అంటన్నాడు. దయచేసి తీసేయ్ వొదినా, జొరం వొచ్చినట్టున్నాది అంటన్నాడు.

…

సరే. నువ్వు నవ్వకూడదు. నువ్వు నవ్వితే నీ నవ్వు కూడా పడిపోద్ది. … ఎట్టినావా?

నాను నూకాల్ని మాటాడతన్నాను. ఇది మిషను, బాగున్నావా అంటే పలకదు, ఏటీ అనుకోకండి. ఎప్పుడొత్తారు? ఏ పూటకాపూట వొచ్చేవోళ్ళు ఒకటి నొక్కండి. నాలుగైదు రోజులుండి వొచ్చేవోళ్ళు రెండు నొక్కండి. నాతో మాటాడాలంటే తొమ్మిది. తొందర పడకండి, అందరికీ ఐసు ఉన్నాది.

…

సాలా?

…

ఆ ఆకరి మాట కాయితంలో లేదు, నోటికొచ్చింది. ఉంచేత్తావా? ఉంచేయ్.

…

ఆగుతాను. నువ్వు ఎక్కించు.

— ఏటిరా? … అమ్మాయి ఎక్కిత్తన్నాది. ఐసు కాదు, గొంతు. గొంతు ఎక్కించాక మళ్ళీ సేద్దువు గాని. నీళ్ళు తాగినావు కదా, దోషం పోనాది.

…

అయిపోనాదా? అప్పుడే? ఇంతసేపట్లో నాను సేపకి పొలుసు కూడా తియ్యను.

ఒరే, సెయ్యి. నాను మాటాడను. సెయ్యి.

…

రింగు. … ఎత్తినాది. … ఇంటన్నాడు. … ఇంకా ఇంటన్నాడు. పళ్ళు బైట ఎడతన్నాడు.

— నొక్కినాడు. రెండు నొక్కినాడు తల్లీ. నీకు వొచ్చినాదా?

…

వొచ్చినాదా. పేరు కూడా పడ్డాదా. టోకెను ఒకటి. మొదటి టోకెను మా ఎల్లాజీది.

ఈడు జెట్టీ మీద అందర్నీ కేకేత్తన్నాడు. నాను ఆపలేను. ఎక్కడికి అని అడగట్లేదర్రా, ఎప్పుడొత్తారు అంటన్నాది అని అరుత్తన్నాడు. అదిగో, అందరూ ఫోన్లు తీత్తన్నారు. వల అల్లేవోడు వల పడేసినాడు. జగ్గారావు లుంగీలో ఫోను ఎతుక్కుంటన్నాడు.

…

వొత్తన్నాయా? … ఒకదాని ఎనక ఒకటి. … ఒకటీ కట్ అవట్లేదు. … సదువు, ఇంకోపాలి సదువు, ఇనాలని ఉన్నాది.

…

రాజుగారికి నువ్వు సెప్తావా, నాను సెప్పనా? … నువ్వే సెప్పు. ఆ అమ్మాయి గొంతు ఇంకెక్కడికైనా పనికొత్తాదిలే, మంచి గొంతు పాపం.

— ఏటిరా ఎల్లాజీ? ఫోన్లో ఉన్నాను, కనబట్లేదా?

…

ఎల్లుండా?

…

ఏటి మాటాడతన్నావు. అందరూ ఉంటారు. మొదటి వేట.

…

…

లేదు ఇంద్రజమ్మా, ఉన్నాను. ఈడు ఒక మాటన్నాడు. ఇన్నేళ్ళ నుంచీ నీ గొంతు ఇనే ఐసు ఎత్తుకుని వేటకి ఎల్తన్నాం, ఎల్లిన ప్రతిపాలీ తిరిగొత్తన్నాం, గొంతుకి లేంది మొగానికేటి, ఎల్లుండి ముందుకొచ్చి నిలబడు వొదినా అన్నాడు.

…

ఏటంటాను? సూద్దాంలే అన్నాను. వోడు రంగు బ్రష్షు పట్టుకుని ఎల్లిపోనాడు. సెవులు ఎర్రగానే ఉన్నాయి, కానీ ఇది అబద్ధం ఎరుపు కాదు.

…

నువ్వు వొత్తావా? ఎల్లుండి బోట్లు సూడ్డానికి? తెల్లారగట్లమ్మా, చీకటితో లెగాల. … మీ నాన్నగారు బండి మీద దింపుతారా. అయితే రా. ఆ రోజు సేప ఉండదు గానీ, బోట్లు తిరిగొచ్చినాక వంజరం కూర నా సేత్తో వండి ఎడతాను.

…

ఇప్పుడు ఎల్తన్నావా? ఎక్క —

సూసినావా. నోటిదాకా వొచ్చీసినాది. అడగను. ఎల్లి రా.

— ఉండు, లోపల బల్ల మీద ఫోను మోగతన్నాది. తొమ్మిది నొక్కినారెవరో. జగ్గారావే, ఇంకెవరు. వోళ్ళావిడ సాడీలు మిషనుకి సెప్పుకోలేక అల్లాడిపోనాడు పాపం. ఎత్తాల.

…

ఎల్లుండి నాను ఎక్కడుంటానా?

…

ఫ్యాక్టరీ కాడికొచ్చేయ్. ఎనక సందు కాదు, ఆ వేపు రాకు, బుట్టలడ్డం ఉంటాయి.

…

ముందు గుమ్మంలో ఉంటాను.

…

ఆ. ముందు గుమ్మంలోనే. ఉంటాను తల్లీ, తొమ్మిది మోగతన్నాది.